నాలుగు తలుపులూ వేసే ఉన్నాయి

ఏరు పొంగి బజారంతా మునిగిన ఏడాది కాదు, దాని తర్వాత రెండో ఏడు జరిగింది ఇది. అప్పటికింకా గోడల మీద నీళ్ళు నిలిచిన గీత పోలేదు. సున్నం కొట్టినా కిందినుంచి పచ్చగా తేలుతూనే ఉంది.

కలప అడితి ఆసామి తెల్ల కారు ఆ నెలలో మూడోసారి మేస్త్రీ షెడ్డుకి వచ్చింది. మేస్త్రీది కార్లలో కరెంటు పని. ఇంజను జోలికి పోడు. దీపాలు, హారను, వైపరు, బ్యాటరీ, వీటి వరకే. కారు తోలుకొచ్చినవాడు డ్రైవరు. ఆసామి మాత్రం కారులో రాలేదు. వెనకాలే ఎవరిదో స్కూటరెక్కి వచ్చి దిగాడు. సొంత కారుండగా స్కూటరు మీద వచ్చాడంటే ఇది రిపేరు కాదు, తగువు అని మేస్త్రీకి తెలిసిపోయింది.

తగువు కారు లోపలి దీపం గురించి. పైకప్పుకి, అద్దం వెనకాల ఉండే చిన్న దీపం అది. తలుపు తీస్తే వెలగాలి, వేస్తే ఆరాలి. కొన్నాళ్ళుగా అది ఒక్కో రాత్రి తెల్లవార్లూ వెలిగి, పొద్దున్నకి బ్యాటరీని చంపి పెడుతోంది. మళ్ళీ నాలుగు రోజులు బుద్ధిగా ఉంటోంది. ఆసామి భార్య వేకువనే లేచి కిటికీలోంచి చూసిందట. ఇంటి పక్క రేకుల కింద నిలబెట్టిన కారులో దీపం వెలుగుతోంది. డ్రైవరు పడుకునే గది ఆ పక్కనే. ఇక ఆవిడ ఊహించుకోవాల్సింది ఊహించేసుకుంది.

"ఏమయ్యా మేస్త్రీ, రెండుసార్లు చూశావు," అన్నాడు ఆసామి. "ఇవాళ నాకు ఒక్క మాట చెప్పు. ఆ దీపం దానంతట అది వెలుగుతుందా, మనిషి వెలిగిస్తే వెలుగుతుందా?"

"బాబాయ్, నేను చూశాను," అన్నాడు డ్రైవరు మేస్త్రీతో. అతను పొడుగు మనిషి, మాటకారి. ఎప్పుడొచ్చినా షెడ్డులో అందరినీ నవ్వించి పోయేవాడు. ఆ రోజు నవ్వలేదు. "నాలుగు తలుపులూ వేసే ఉన్నాయి. తాళం నా దిండు కింద ఉంది. గదిలోంచి చూస్తూండగా గప్పున వెలిగింది. పోయి తలుపు తీసి గట్టిగా వేస్తే ఆరింది. మళ్ళీ ఎప్పుడు వెలిగిందో తెలీదు. నిద్రపోయాను."

"నిద్రపోయావా, మేలుకునే ఉన్నావా?" అన్నాడు ఆసామి. "ఒక్కడివే ఉన్నావా?"

డ్రైవరు మెడ దగ్గర్నుంచి చెవుల దాకా కందిపోయింది.

మేస్త్రీ పని మొదలుపెట్టాడు. ఏ కారు వచ్చినా ఆయన మొదట చేసేది ఒక్కటే. ముందు సీట్లు రెండూ పట్టాల మీద ముందుకంటా తోసేస్తాడు. అలా తోస్తే తివాచీ ఎత్తి వైర్లు చూడటానికి చోటు దొరుకుతుంది. ఆయనకు పని నేర్పినాయన అలాగే చేసేవాడు. ఆయన దగ్గర నేర్చుకుని పోయినవాళ్ళూ అలాగే చేస్తారు. తర్వాత తలుపు పక్కన ఉండే గుండీని బొటనవేలితో నొక్కాడు. నొక్కితే దీపం ఆరింది, వదిలితే వెలిగింది. నాలుగు తలుపులకీ నాలుగు గుండీలు. నాలుగూ బాగానే ఉన్నాయి. తలుపు బందుల దగ్గర రబ్బరు గొట్టంలోంచి పోయే వైర్లను వేళ్ళతో నలిపి చూశాడు. పైకప్పును అరచేత్తో చరిచాడు. టెస్టు లైటు పెట్టాడు, మీటరు పెట్టాడు. రెండు గంటలు. దీపం ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బడిపిల్లాడిలా చెప్పినట్టల్లా విన్నది.

ఆసామి స్టూలు మీద కూర్చుని కాలు ఊపుతున్నాడు. డ్రైవరు నిలబడే ఉన్నాడు.

"వైరింగులో ఏం లేదండి," అన్నాడు మేస్త్రీ.

"అంటే?"

"తలుపు సరిగ్గా వేయకపోతే వెలుగుతుంది. లేకపోతే ఎవరో దీపం మీట నొక్కాలి."

"బాబాయ్, నువ్వు కూడానా," అన్నాడు డ్రైవరు.

మేస్త్రీ మీటరు వైర్లు చుట్టుకుంటున్నాడు. తలెత్తలేదు.

"విన్నావుగా." ఆసామి లేచాడు. "తాళాలిటు తే. మా ఆడవాళ్ళు కూర్చునే బండి అది. అందులోకి ఎవత్తెను తెచ్చి కూర్చోబెట్టుకున్నావో, థూ! ముందా సీట్లు కడిగించాలి." వీధిలో పోయేవాళ్ళకు వినబడేలాగే అన్నాడు.

డ్రైవరు తాళాలు ఇచ్చాడు. భుజం మీది తుడుపు గుడ్డ తీసి స్టీరింగు ఒకసారి తుడిచాడు. గుడ్డను నాలుగు మడతలు పెట్టి బానెట్ మీద ఉంచాడు. నడిచి వెళ్ళిపోయాడు.

పక్క షెడ్డు పంక్చర్లవాడు ట్యూబును తొట్టిలో ముంచి బుడగలు చూస్తూ అంతా విన్నాడు. లావుపాటి మనిషి. నవ్వితే పొట్ట ముందు నవ్వుతుంది.

"అన్నా, నాకొకటి చెప్పు. సరసానికి కూర్చున్నవాడు ఎవడైనా దీపమేసుకుని కూర్చుంటాడా? ఉన్న దీపం ఆర్పుకుంటాడు గానీ!"

టీ తాగుతున్నవాళ్ళు పగలబడి నవ్వారు. మేస్త్రీ కూడా పెదవి కదిపాడు. ఆ మాటలో న్యాయం ఉందని ఎవరికీ తట్టలేదు. నవ్వులో కొట్టుకుపోయింది.

సాయంత్రం ఇంట్లో భార్య అడిగింది. "ఆ పొడుగబ్బాయి గురించి బజారంతా చెప్పుకుంటున్నారు. నిజమేనా?"

"నాకేం తెలుసు?"

"నీ మాట మీదే తీసేశారట గదా."

"నేను బండిని చూశాను. మనిషిని చూళ్ళేదు."

"తెలీనప్పుడు తెలీదనాల్సింది," అంది ఆవిడ, కంచం ముందు పెడుతూ.

ముప్పై ఎనిమిదేళ్ళ పనిలో ఆయన ఆ మాట ఎవరి ముందూ అనలేదు. ఆ పనిలో ఉన్నవాళ్ళెవరూ అనరు.

*

పది రోజులు గడిచాయి. అడక్కపోయినా పంక్చర్లవాడు రోజూ ఏదో ఒకటి మోసుకొచ్చేవాడు. డ్రైవర్ల స్టాండులో ఆ పొడుగతన్ని ఎవరూ పక్కన నిలబడనివ్వడం లేదట. దీపాలోడని పేరు పెట్టారట. భార్య లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. అక్కడి ఆడవాళ్ళు ఆమెను మాటలతో పొడుచుకు తింటున్నారట. ఆమె ఇంటి తాళం మార్చేసింది. అతను కూరగాయల మార్కెట్లో మూటలు మోసి, ఆ మూటల మీదే పడుకుంటున్నాడు.

"పాపం అనిపిస్తుందన్నా. కానీ నిప్పు లేందే..."

"చాలు," అన్నాడు మేస్త్రీ.

పదకొండో రోజు తెల్ల కారు మళ్ళీ వచ్చింది. కొత్త డ్రైవరు తాడు కట్టించి లాక్కొచ్చాడు. బ్యాటరీ చచ్చిపోయింది. కాసేపటికి ఆసామి ఫోను చేశాడు.

"ఆ వెధవ పోతూ పోతూ నా బండికి ఏదో చేసిపోయాడు మేస్త్రీ. చూడు. దొరికితే పోలీసులకి చెప్తాను."

మేస్త్రీ ఫోను చెవి దగ్గర్నుంచి తీసి లుంగీకి తుడిచాడు. డ్రైవరు ఆ గదిలో లేడు, బండి తాళాలు అతని దగ్గర లేవు. దీపం మాత్రం వెలిగింది. తను ఆ రోజు అన్న మాట అబద్ధమని ఆ క్షణానే ఆయనకు తెలిసింది. ఎక్కడ అబద్ధమైందో తెలియలేదు.

రెండు రోజులు ఆ కారు తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. సీట్లు ముందుకు తోశాడు. సీటు కింద చెయ్యి పెట్టగానే గోళ్ళ ముక్కలు అరచేతికి గుచ్చుకున్నాయి. ఆసామివి. ముందు సీటులో కూర్చుని గోళ్ళు తీసుకుని అక్కడే రాల్చేవాడు. నమిలి పారేసిన పళ్ళపుల్లలు, ముక్కు చీది ఉండచుట్టిన కాగితాలు, గట్టిపడిన రుమాలు ఒకటి. తల ఆనే చోట నూనె మరక నల్లగా పేరుకుని, ఎండకి మెత్తబడి వాసనేస్తోంది. దాని మీద ఆవిడ చల్లించిన సెంటు. రెండూ కలిసి గొంతులో పట్టుకున్నాయి. ఇందులో కూర్చునేవాళ్ళా ఇంకొకడి మూలాన సీట్లు మైలపడ్డాయన్నది, అనుకున్నాడు. కాగితం ముక్కతో అవన్నీ ఊడ్చి డబ్బాలో పోశాడు. మళ్ళీ గుండీలు, మళ్ళీ మీటరు. దీపం మళ్ళీ బుద్ధిమంతుడైపోయింది.

రెండో రోజు మధ్యాహ్నం ఆసామే వచ్చాడు. భోజనం చేసి వచ్చాడు, తేనుస్తున్నాడు. ఎండగా ఉందని కారు ముందు సీటులో, స్టీరింగుకి పక్కన, చతికిలబడ్డాడు. అది ఆయన ఎప్పుడూ కూర్చునే చోటు. వెనక కూర్చుంటే వాంతి వస్తుందంటాడు. కింద మీట పట్టుకుని సీటును వెనక్కి తన్నాడు. టక్, టక్, టక్, చివరి గాటు దాకా పోయింది. కాళ్ళు బారజాపాడు. ఇంటి తాళంచెవి తీసి చెవిలో పెట్టి తిప్పుకున్నాడు. దాని మొన చూసుకుని సీటు అంచుకి రాశాడు.

"ఏమైనా దొరికిందా?"

"చూస్తున్నానండి."

"దొరుకుతుంది. వాడు తెలివైనవాడు. అందుకే వీధిలో ఇంటింటికీ మనిషిని పంపి చెప్పించాను. ఒక్కడూ పెట్టుకోడు వాణ్ణి. అలాంటివాళ్ళను వదిలిపెట్టకూడదయ్యా మేస్త్రీ." మాట ఆగేసరికి నోరు తెరిచి కునికాడు. పావుగంటకి ఫోను మోగితే లేచి, దిగి, కాలితో తలుపు తన్ని వేశాడు. "రేపటికి ఇచ్చెయ్," అంటూ స్కూటరు ఎక్కాడు.

స్కూటరు మలుపు తిరిగింది. మేస్త్రీ కారు అద్దంలోంచి లోపలికి చూశాడు.

దీపం వెలుగుతోంది.

ఒక తలుపు తోసి చూశాడు. వేసే ఉంది. చుట్టూ తిరిగి మిగిలిన మూడూ తోశాడు. వేసే ఉన్నాయి. నేల మీద గొంతుక్కూర్చున్నాడు. తర్వాత లేచి, అద్దంలోంచి చెయ్యి పోనిచ్చి ఆ సీటును ఒక్క గాటు ముందుకు లాగాడు. దీపం ఆరింది. వెనక్కి తోశాడు. వెలగలేదు. తను ఎక్కి కూర్చుని దిగి తలుపు వేశాడు. వెలగలేదు. ఆయన ఎండుకట్టెలా ఉంటాడు.

"ఇలా రా," అన్నాడు పంక్చర్లవాణ్ణి.

"ఎందుకన్నా?"

"కూర్చో."

"నా లుంగీకి జిగురుందన్నా, ఆసామి చంపుతాడు."

"కూర్చో. ఊఁ. ఇప్పుడు దిగు. తలుపు వెయ్యి."

పంక్చర్లవాడు తలుపు వేసి వెనక్కి తిరిగాడు. కారులో దీపం వెలిగింది. రెండు చేతులూ పైకెత్తేశాడు.

"అన్నా, ఒట్టు! నేనేం ముట్టుకోలేదు!"

"అతనూ అదే అన్నాడు," అన్నాడు మేస్త్రీ.

సీటుకి నాలుగు బోల్టులు. విప్పి సీటును బయట పెట్టాడు. తివాచీ ఎత్తగానే వరద వాసన వచ్చింది. రెండేళ్ళుగా మూతపెట్టిన కుండ తెరిచినట్టు, బురద, చచ్చిన చేపలు, కుళ్ళిన గోనె. ఒండ్రు ఎండి పొడిగా, గచ్చులా పట్టేసి ఉంది. అందులో నాలుగు వైర్ల కట్ట ఒకటి. తలుపు గుండీల నుంచి దీపానికి పోయే కట్ట. కార్లలో ఆ దీపానికి కరెంటు ఎప్పుడూ వచ్చి ఆగే ఉంటుంది. గుండీ చేసే పనల్లా ఆ వైరును బండి ఇనుముకి తగిలించడమే. ఆ వైరు దారిలో ఇంకెక్కడ ఇనుముకి తగిలినా దీపానికి తేడా తెలియదు, వెలుగుతుంది. ఆ కట్ట గడప అంచున క్లిప్పుల్లో పోవాలి. ఇది క్లిప్పుల్లో లేదు. సీటు పట్టా కిందినుంచి అడ్డంగా పోతోంది. సీటు చివరి గాటుకి వస్తే కింది కొక్కెం దాని మీదికి వస్తుంది. బరువైన మనిషి లేవగానే సీటు పైకి లేచి, కొక్కెం వైరును లాగి పట్టాకి ఒరిపిస్తుంది. ఒక్కోసారి అప్పటికప్పుడు తగలక, రాత్రి చలికి ఇనుము ముడుచుకున్నాక తగులుతుంది; తలుపు గట్టిగా వేస్తే ఆ అదురుకి విడిపోతుంది. పైతొడుగు కోసుకుపోయి రాగి పచ్చగా కనబడుతోంది. వచ్చిన ప్రతిసారీ తను ముందుగా చేసింది ఆ సీటును ముందుకు తోయడం. చేతులారా జబ్బును దాచేసి, తర్వాత జబ్బు కోసం వెతికాడు.

మీటరు తేవడానికి లేవబోయి ఆగాడు. కట్ట మీద, కోసుకుపోయినచోటికి జానెడు దూరంలో, నల్ల గుడ్డటేపు మీద మైనం పూసిన దారం రెండు చుట్లు, ఒక మెలిక. ఊళ్ళో అలా దారం కట్టేవాడు ఒక్కడే.

వరద తీసిన నెలలో తనే ముప్పై కార్లు ఎండబెట్టాడు. తివాచీలు పీకి, వైర్లు ఎత్తి, తుడిచి, మళ్ళీ పరిచాడు. విరిగిన క్లిప్పులకి కొత్తవి దొరకలేదు. ఇందులో దగ్గర దారిన అడ్డంగా వేసి, దారం కట్టి, మీద తివాచీ కప్పేశాడు.

ఆ దారాన్ని చూస్తే ఆయనకు ఆసామి గోళ్ళకన్నా రోత పుట్టింది. షెడ్డు వెనక్కి పోయి గోడకి చెయ్యి ఆనించి వంగాడు. టీ నీళ్ళు తప్ప ఏం రాలేదు.

కొత్త వైరు వేశాడు. గడప అంచున కొత్త క్లిప్పుల్లో నడిపాడు. కోసుకుపోయిన ముక్కను దారం దగ్గర కత్తిరించాడు. దారమున్న భాగాన్ని పొయ్యిలో పడేశాడు. రాగి కనిపించే ముక్కను మాత్రం జేబులో వేసుకున్నాడు.

*

సాయంత్రం కారు తనే తోలుకెళ్ళి ఆసామి ఇంటి ముందు నిలబెట్టాడు. వరండాలో ఆసామి, ఆయన భార్య కుర్చీల్లో ఉన్నారు. మేస్త్రీ మెట్టు కింద నిలబడి వైరు ముక్క చూపించాడు.

"ఇదండి. సీటు కింద నలుగుతోంది. సీటు బాగా వెనక్కి తోసి, మనిషి కూర్చుని లేస్తే దీపం వెలుగుతుంది. నాలుగు తలుపులూ వేసి ఉన్నా వెలుగుతుంది. డ్రైవరు అబద్ధం చెప్పలేదండి."

"ఎవరి సీటు?"

"తమరిదే."

ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నేనెప్పుడూ చెప్తూనే ఉన్నాను తగ్గమని!" ఆసామి చూసేసరికి నవ్వు మింగేసింది.

"సరే, బాగైందిగా," అన్నాడు ఆసామి. "కొత్తవాడు బాగానే ఉన్నాడు. ఆ పాతవాడి సంగతి ఇక ఎత్తకు."

"అతనికి పని లేదండి. ఇంట్లోకి రానివ్వడం లేదట. తమరొక్క మాట అంటే..."

"ఏమనమంటావు? ఇంటింటికీ చెప్పించిన నోటితోనే కాదని చెప్పించమంటావా? రేపు అడితిలో కూలీలు నా మాట వింటారా?"

"అయినా ఇది కాకపోతే ఇంకోటి చేసే ఉంటాడు లెండి," అంది ఆవిడ. "అంత నవ్వు మొహం ఊరికే రాదు. నాకు మొదట్నుంచీ నచ్చలేదు."

మేస్త్రీకి నోట్లో ఉమ్మి ఊరింది. మింగలేడు, వాళ్ళ వాకిట్లో ఉమ్మలేడు.

"అసలు ఆ రోజు వైరింగులో ఏం లేదన్నది ఎవరయ్యా?" అన్నాడు ఆసామి. "నువ్వు. నేను నీ మాట మీదే తీసేశాను. ఊరికే నా మీదికి తోస్తావేం? ఇంతకీ ఆ వైరు సీటు కిందికి ఎలా వచ్చింది?"

మేస్త్రీ నోరు తెరిచాడు.

"వరదప్పుడు జరిగి ఉంటుందండి," అన్నాడు.

"అదీ! వరద పోయినా దాని దరిద్రం పోలేదు." ఆసామి చెయ్యి ఊపాడు, వెళ్ళమన్నట్టు.

మేస్త్రీ వచ్చేశాడు. తన ముసలి నోట అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! వరదకి చేతులున్నాయా దారం కట్టడానికి? ఆసామి నోరు మార్చనన్నాడు, తను నిజం చెప్పడానికి నోరే విప్పలేదు. వరండాలో కూర్చున్నవాడికీ మెట్టు కింద నిలబడ్డవాడికీ ఆ వాకిట్లో తేడా లేకుండా పోయింది.

ఇంటికి రాగానే తొట్టి దగ్గర కూర్చుని సబ్బుతో చేతులు కడిగాడు. వాసన చూసుకుని మళ్ళీ కడిగాడు.

"అరిగిపోతాయి," అంది భార్య. "ఏం ముట్టుకున్నావు అంతగా?"

"నా పనే."

ఆవిడ తువ్వాలు అందించింది.

మర్నాడు పొద్దున్న షెడ్డు తెరవలేదు. మార్కెట్టు మీదుగా లాండ్రీకి వెళ్ళాడు. రేకుల షెడ్డు, లోపలంతా ఆవిరి. పదకొండు బల్లలు, బల్లకి ఇద్దరు ఆడవాళ్ళు, గుట్టలుగా తెల్ల దుప్పట్లు. డ్రైవరు భార్య మూడో బల్ల దగ్గర ఉంది. మోచేతుల దాకా చెమట. ఆయన్ని చూసి ఇస్త్రీపెట్టె ఆపలేదు.

"ఏం మామయ్యా, నువ్వు కూడా చూసిపోవడానికి వచ్చావా?"

"ఆ దీపం వెలిగించింది నీ మొగుడు కాదమ్మా," అన్నాడు మేస్త్రీ. "నేను."

పక్కామె కిసుక్కున నవ్వింది. ఇంకెవరూ నవ్వలేదు.

వైరు తను ఎక్కడ వేయాల్సిందో, ఎక్కడ వేశాడో చెప్పాడు. దారం తనదేనని చెప్పాడు. దాన్ని పొయ్యిలో వేశానని చెప్పాడు. నాకు దొరకలేదనాల్సిన చోట ఏమీ లేదన్నానని చెప్పాడు. నాలుగు తలుపులూ వేసే ఉన్నాయన్నది నిజమని చెప్పాడు. ఆమె ఇస్త్రీపెట్టెను నిలబెట్టి వింది. పక్కామెతో కలిసి దుప్పటి చెరో కొసా పట్టుకుని, సగానికి, మళ్ళీ సగానికి మడిచింది. మడత మీద అరచెయ్యి పెట్టి అదిమింది.

"నాకు చెప్తే సరిపోదు మామయ్యా," అంది. తల తిప్పి ఆవిరిలో ఆ చివరి దాకా చూసింది. "ఇంట్లో గుట్టుగా అనుకున్న మాట కాదు ఇది. ఇక్కడ ఇరవై రెండుమందిమి."

మేస్త్రీ తలూపాడు. మొదటి బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అక్కడున్న ముసలామె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "గట్టిగా చెప్పయ్యా, నాకు వినబడదు," అంది.

ఆయన గొంతు సవరించుకుని, మొదట్నుంచీ చెప్పాడు.